బోరయ్య చుట్టల టిన్ను

సోలార్ పార్కులో మా వల్లూరు వైపు బ్లాకులో రాగి పట్టీలు పోతున్నాయని గొడవ మొదలైన రోజుల్లోనే బోరయ్య డ్యూటీకి టిన్ను పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనే కలుపుకున్నాను.

బోరయ్య గేటు దగ్గర కాపలా. ఆ పనిలో పెట్టించింది నేను. నాగలమడిక పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని, పోస్టు జయరామప్ప అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. మా వేరుసెనగ చేను కూడా పార్కులోకే పోయింది. సెక్యూరిటీ చూసుకునే సునీల్‌కుమార్ కొత్తగా వచ్చినప్పుడు, మీ ఊళ్లో నమ్మదగిన మనిషి ఎవరైనా ఉంటే చెప్పమని నన్ను అడిగాడు. ఆలోచించకుండా బోరయ్య పేరు చెప్పాను. అంతకు ముందు బోరయ్య చుట్టలు చుట్టేవాడు. ఊళ్లో చుట్ట తాగే ముసలివాళ్లు ఒక్కొక్కరే పోయి ఆ పని తనంతట తనే ఆగిపోయింది.

పొద్దున నాగలమడిక పోయి టీ తాగి పేపరు చూసి రావడం నాకు అలవాటు. ఇంట్లో నేనొక్కణ్నే కాబట్టి ఆ దారి నాకు పొద్దుపోయే దారి. నేనూ బోరయ్యా అతని కోడలు హొన్నమ్మా ఒకే ఆటోలో బయలుదేరతాం. హొన్నమ్మ అదే బ్లాకులో సోలార్ ప్లేట్లు కడిగే పనిలో ఉంది. వాళ్లిద్దరూ గేటు దగ్గర దిగిపోతారు. సాయంత్రం ఏదో ఒక పని కల్పించుకుని మళ్లీ నాగలమడిక పోతాను. తిరిగొచ్చేటప్పుడూ అదే ఆటో.

ఆ టిన్ను పాతకాలపు బిస్కెట్ల టిన్ను, నలుపలకలుగా ఉంటుంది. మూత చుట్టూ మైనం పట్టించిన గుడ్డపట్టీ బిగించి, పైన గోనెసంచి చుట్టి తెచ్చేవాడు. ఆటోలో అందరూ సంచులు కాళ్ల కింద పెట్టుకుంటే ఇతను మాత్రం దాన్ని ఒళ్లోనే పెట్టుకునేవాడు.

"ఏం బోరన్నా, కొత్త పెండ్లామా ఏంది టిన్నులో? ఒళ్లోంచి దించవు," అని ఆటో నడిపే హనుమేశ్ ఒకరోజు అన్నాడు.

"పెండ్లామైతే నీ ఆటో ఎక్కిస్తానా," అన్నాడు బోరయ్య. అందరూ నవ్వారు. హొన్నమ్మ నవ్వలేదు. అది నేను చూశాను.

ఏముందని నేను విడిగా అడిగితే, చుట్టలే కదన్నా అన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. అతని దగ్గర అలాంటి టిన్నులు ఉన్నాయని ఊరికంతా తెలుసు. కొత్తగా చుట్టిన చుట్ట ఘాటుగా నాలుకను కొరుకుతుంది. టిన్నులో వేసి గాలి చొరకుండా ఏళ్ల తరబడి నిలవ పెడితే ఆకు మెత్తబడి, ఘాటు దిగి, తాగేవాడికి పండినట్టు ఉంటుందట. కానీ నిలవ పెట్టే సరుకుకు ఇంట్లో చల్లటి మూల కావాలి. దాన్ని ఈ ఎండలో డ్యూటీకి తిప్పేవాడు ఎవడుంటాడు?

పైగా బరువు. ఒక సాయంత్రం ఆటో ఎక్కుతూ కాస్త పట్టుకొమ్మని నా చేతికిచ్చాడు. పొద్దున తేలిగ్గా ఊగిన టిన్ను సాయంత్రానికి కాస్త బరువెక్కినట్టు తోచింది. గోనెసంచి తడిగా ఉంది. అతను ఎక్కి కూర్చోగానే టిన్ను నా దగ్గర్నుంచి దాదాపు లాక్కున్నాడు.

నాకు వాసన తెలిసి ఉంటే అప్పుడే ఏదో ఒకటి తేలిపోయేది. పొగాకు ఉందంటే ముక్కు చెప్పకుండా ఉండదు. కోవిడ్ వచ్చినప్పుడు నా భార్య ఆంజినమ్మ పోయింది, నేను బతికాను. అప్పుడు పోయిన వాసన నాకు మళ్లీ రాలేదు. కూర మాడినా పక్కింటివాళ్లు గోడ మీద నుంచి కేకేసి చెప్పాలి. చెబుతారు కూడా, పాపం, ఎప్పుడూ విసుక్కోరు.

అందుకని నేను కళ్లతోనే చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు మధ్యాహ్నం మా చేను ఉండిన చోటు చూసి వస్తానని గేటు దగ్గర చెప్పి లోపలికి పోయాను. అందులో చూడటానికి ఏమీ లేదు, వరసగా ప్లేట్లే. ప్లేట్ల నీడలో ఒక ఉడత పడుకుని ఉంది. అంత ఎండలో దానికి కూడా ఇంత చోటు దొరికిందని కాసేపు నిలబడ్డాను. అప్పుడు కనబడింది. నీళ్ల ట్యాంకరు వెనక, ఎవరూ చూడని వైపు, బోరయ్య టిన్ను పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. హొన్నమ్మ అటూ ఇటూ చూసి వంగి అందులో ఏదో వేసింది, లేదా పోసింది. ఆ దూరానికి నాకు తెలియలేదు. అతను గబగబా మూత బిగించాడు.

తెగిన రాగి ముక్కలు ఎంత ఉంటే ఆ టిన్నులో పడతాయో నా మనసు తనకు తానే లెక్క వేసుకుంది. ఆపుదామన్నా ఆగలేదు.

మర్నాడు సునీల్‌కుమార్ నాగలమడిక టీ అంగడికే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మధుగిరి వైపు కుర్రవాడు, తెలుగు మాట్లాడతాడు, మధ్యలో కన్నడం దొర్లుతుంది. రాగి పోయిన ప్రతిసారీ కాంట్రాక్టరు తననే నిలదీస్తున్నాడని చెప్పాడు. బోరయ్యను టిన్ను తెరవమని అడిగాడట. తెరవనన్నాడట. బలవంతంగా లాక్కోవడానికి పెద్దమనిషాయె, ప్లేట్లు కడిగే ఆడవాళ్లంతా చుట్టూ చేరిపోయారట. ఈ మధ్యాహ్నం నేను వచ్చి కూర్చుంటే నా ఎదురుగా తెరిపిస్తానని, తెరవకపోతే ఇంటికి పంపించి పోలీసులకు చెప్పక తప్పదని అన్నాడు.

"మీ మాట మీద పెట్టుకున్న మనిషి సార్ ఆయన," అన్నాడు చివరికి. గట్టిగా ఏమీ అనలేదు. నా టీకి కూడా తనే డబ్బులిచ్చి పోయాడు.

మధ్యాహ్నం గేటు పక్కన ఉన్న రేకుల గదిలో ముగ్గురం కూర్చున్నాం. బోరయ్య టిన్నును తన కుర్చీ కిందికి తోసి రెండు కాళ్లూ అడ్డం పెట్టాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. సునీల్‌కుమార్ ఫ్యానును అతని వైపు తిప్పి, ఆ తర్వాతే మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఏముందో చూపించి వెళ్లిపో, ఇంకేమీ అడగను అన్నాడు. బోరయ్య తల అడ్డంగా ఊపాడు.

"అది పెద్దలకు పెట్టేది. బతికినోళ్లు వాసన చూస్తే ఎంగిలైతాది. ఎంగిలి చుట్టలు పెద్దల ముందర ఎట్ల పెడతారప్పా?"

ఇది సునీల్‌కుమార్‌కు అర్థం కావడానికి నేను కొంత చెప్పాల్సి వచ్చింది. పెద్దల అమావాస్యకు మా వైపు పోయినవాళ్లకు ఆకు వేసి, బతికున్నప్పుడు వాళ్లు ఇష్టపడినవి పెడతాం. చుట్ట తాగినవాళ్లకు చుట్ట పెట్టాలి. ఇప్పుడు ఊళ్లో చుట్ట తాగే మనిషి లేడు, చుట్ట కావలసిన పెద్దలు మాత్రం ఇంటింటా ఉన్నారు. అందరికీ బోరయ్య టిన్నుల్లో నుంచే పోవాలి. మా నాయనకు కూడా అక్కడి నుంచే తెచ్చి పెడతాను.

"మేమూ మా తాతకు బీడీలు పెడతాం. అంగట్లో కొంటాం, అంతే," అన్నాడు సునీల్‌కుమార్.

"మీ తాత సర్దుకుంటాడేమో. మా వూరోళ్లు సర్దుకోరు. బతికినప్పుడే సర్దుకోలేదు."

సునీల్‌కుమార్ నవ్వబోయి ఆపుకున్నాడు. సరే, పెద్దలకు పెట్టేదైతే ఇంట్లో ఉండాలి కదా, గేటు దగ్గరికి ఎందుకు వచ్చింది అని అడిగాడు. నేను అడగాలనుకున్నదీ అదే.

 బోరయ్య కిటికీలో నుంచి ప్లేట్ల వైపు ఒక్క చూపు చూసి తల దించుకున్నాడు. అటువైపు హొన్నమ్మ వైపరు పట్టుకుని పని మానేసి మా గది వైపే చూస్తూ నిలబడి ఉంది. ఇద్దరూ కలిసే ఏదో చేశారని అప్పుడు నాకు దాదాపు రూఢి అయిపోయింది. 

సునీల్‌కుమార్ లేచి ఫోను తీశాడు. అది చూసి బోరయ్య నా వైపు తిరిగాడు.

"జయరామన్న తెరిస్తే తెరవనీ. ఆయన ముక్కు పనిచెయ్యదు. ఆయన చూస్తే ఎంగిలి కాదు. మీరు దూరంగా నిలబడుకోండి సార్."

సునీల్‌కుమార్ నన్ను చూశాడు. నిజమేనని తలూపాను. అతను సరేనని వాకిట్లోకి పోయి గాలికి ఎదురుగా నిలబడ్డాడు. నా మీద నమ్మకంతోనే అంత దూరం పోయాడో, ఆ ముసలాయన మాటకు విలువిచ్చి పోయాడో తెలియదు. ఏదైనా నాకది మంచి పనే అనిపించింది.

చేతులు కడుక్కుని ముట్టాలన్నాడు బోరయ్య. గది వెనకే ట్యాంకరు. హొన్నమ్మ పరుగున వచ్చి పైపు పట్టుకుంది. కంగారులో పైపు మరీ ఎక్కువ తిప్పేసరికి నీళ్లు నా మోచేతుల దాకా, చెప్పుల దాకా పడ్డాయి. ఆమె ఏదో చెప్పబోయింది. సునీల్‌కుమార్ అటు తిరగడంతో చెప్పలేదు.

గుడ్డపట్టీ విప్పి మూత ఎత్తాను. బోరయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. టిన్ను లోపలంతా తుప్పు పట్టకుండా మైనం రుద్ది ఉంది. పైన ఎండిన మోదుగాకులు. వాటి కింద చుట్టలు, దారంతో కట్టలు కట్టి, పిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో కట్టా ఎత్తి ఆకు మీద పెడుతూ అడుగు దాకా చూశాను. రాగి లేదు. ఒక పక్కన, ఆకులతో వేరు చేసి, కుండపెంకులు ఉన్నాయి. చేయి పెడితే చల్లగా, తడిగా తగిలాయి. చుట్టలు ఎండి పొడి కాకుండా పెంకులు నీళ్లు తాగి మెల్లగా తేమ ఇస్తాయి.

బతికాం అనుకుంటూ పెంకు చేతిలోకి తీసుకుని అలాగే ఆగిపోయాను. అది కుమ్మరి ఆవం నుంచి ఇప్పుడే తీసినట్టు శుభ్రంగా, ఎర్రగా ఉంది.

మా బోరు నీళ్లు ఏది ముట్టినా తెల్లగా చేస్తాయి. చెంబు, కుళాయి, గ్లాసు, స్నానం చేసిన గచ్చు, అన్నిటి మీదా సున్నం పూసినట్టు పేరుకుంటుంది. ఆ నీళ్లలో నానిన పెంకు ఈపాటికి తెల్లగా పొక్కి ఉండాలి. నా చేతులు చూసుకున్నాను. తడి ఆరిపోయింది, ఒక్క మచ్చ లేదు. ప్లేట్ల మీద మరక పడకూడదని ట్యాంకరులో శుద్ధి చేసిన నీళ్లు తెస్తారు. ఊళ్లో ఫిల్టర్ నీళ్ల యంత్రం శివరాత్రి నుంచి చెడిపోయి ఉంది, తాగే నీళ్ల క్యాన్లు కూడా పక్క ఊళ్ల నుంచి తెచ్చుకుంటున్నాం.

అతను దొంగిలించింది ట్యాంకరు నీళ్లన్నమాట.

"రాగి లేదు," అని గట్టిగా చెప్పాను. చెప్పి మూత పెట్టబోయాను.

సునీల్‌కుమార్ గడప దాకా వచ్చి అక్కడే ఆగాడు. అక్కడి నుంచే నా చేతిలోని పెంకును చూశాడు.

"ఆ పెంకు తడిగా ఉంది కదా సార్. నీళ్లు ఎక్కడివి?"

అతనికి తెలిసిపోయింది. మరక పడే నీళ్లేవో, పడని నీళ్లేవో చూడటం అతని ఉద్యోగంలో ఒక భాగం. పోయిన ఎండాకాలం పక్క ఊరి ఆడవాళ్లు బిందెలతో వచ్చి ట్యాంకరును ఆపేస్తే పోలీసులు రావాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒక సీసా నీళ్లు బయటికి పోయినా పట్టినవాళ్లనూ పోసినవాళ్లనూ పని మాన్పిస్తారు. గేటు దాటేటప్పుడు సీసాలో మిగిలిన నీళ్లు నేల మీద ఒంచేసి పోవాలి. రాగి సంగతి కాంట్రాక్టరు పోలీసులకు అప్పగించి కూర్చుంటాడు. నీళ్ల దగ్గర మాత్రం ఆ రోజే పని పోతుంది.

ఇంటి నుంచి తడిపి తెచ్చాడని నేను చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ అడిగింది నన్ను నమ్మిన మనిషి. ఆ మాట రాలేదు.

"నేనే పట్టుకున్నా," అన్నాడు బోరయ్య, గోడ వైపు నుంచి తిరగకుండానే. "బోరు నీళ్లు పోస్తే పెంకు పొక్కి చుట్టలకు బూజు పట్టింది. ఒక టిన్ను మొత్తం పారేసినా. క్యాను నీళ్లు ఇంట్లో తాగనీకే చాలవు. పెంకు ఒక్కటే తెచ్చి తడుపుకోని పోతే ఇంటికి చేరేలోపు వడగాడ్పుకు ఎండిపోతాది. అందుకే టిన్ను తెచ్చినా. ఎవురికీ తెలీదు."

"మామ అబద్ధం చెప్తాండాడు సార్." హొన్నమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఆ పైపు తిప్పేది మామకు యాడ చేతనయితాది? నేనే పోసినా."

"నువ్వు పోయి పని చూసుకోమ్మా," అన్నాడు బోరయ్య.

"పని ఉంటే కదా చూసుకునేది."

 సునీల్‌కుమార్ ఆమెను చూశాడు, ఆమె వెనక ట్యాంకరును చూశాడు. నేను చేతులు కడుక్కున్న చోట నీళ్లు గుంటగా నిలిచి ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చాయో రెండు పిచ్చుకలు అందులో దిగి రెక్కలు తడుపుకుంటున్నాయి. ఆ గుంటలో ఉన్నన్ని నీళ్లు ఆ పెంకులు నెలంతా తాగవు. సునీల్‌కుమార్ ఆ గుంట వైపే చూస్తూ ఉన్నాడు. 

"టిన్ను రేపట్నుంచి గేటు దాటి లోపలికి రాకూడదు," అన్నాడు చివరికి. "పొద్దున లోపలికి వచ్చేటప్పుడు, సాయంత్రం బయటికి పోయేటప్పుడు, ఎవరి డబ్బా అయినా, ఎవరి సంచి అయినా తెరిచి చూపించాలి. బోరయ్యే చూస్తాడు. మిగతాది నేను చూడలేదు."

హొన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఇద్దరి పనీ నిలిచింది. ఆ కుర్రవాడికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. డబ్బాలు బోరయ్యే చూడాలన్న మాట బరువు నాకు అప్పుడు తెలియలేదు.

టిన్నును బోరయ్య మా ఇంట్లో పెట్టాడు. నేను తాగే క్యాను నీళ్లు ఒక గ్లాసుడు ఇస్తే పెంకులకు సరిపోతుంది. పైగా వాసన తెలియనివాడి ఇల్లు, దానికి అంతకంటే మంచి చోటు లేదన్నాడు. వారానికోసారి వచ్చేవాడు. నేను మూత తీసి పెంకులు తడుపుతుంటే వసారాలో వీపు తిప్పి కూర్చునేవాడు.

మొదట్లో గేటు దగ్గరి సంగతులు నవ్వుతూ చెప్పేవాడు. సద్ది డబ్బా తెరవమంటే ఆడవాళ్లు, సంగటే మామా, తింటావా అని ఎగతాళి చేస్తారట. వేరేవాళ్ల అన్నం మీద తన ఊపిరి పడకూడదని ముఖం పక్కకు తిప్పుకుని చూస్తానని చెప్పాడు. రాగి పోవడం మాత్రం ఆగలేదు. రెండుసార్లు మళ్లీ పోయింది. దాంతో నవ్వులు తగ్గిపోయాయి. ఆటోలో అతని పక్కన కూర్చునే ఆడవాళ్లు వెనక సీటుకు మారారు. హనుమేశ్ ఎగతాళి చేయడం మానేశాడు.

ఒక ఆదివారం వచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చాను. చల్లారిపోయింది, తాగలేదు.

"సంగటి కింద చెయ్యి పెట్టి చూస్తాండా అన్నా," అన్నాడు. "ముందు చూపుతో చూసేటోణ్ని. ఇప్పుడు చెయ్యి పెట్టకపోతే మనసు ఒప్పుకోదు. మొన్న హొన్నమ్మ డబ్బా గూడా కెలికినా. దాని సీసా నీళ్లు నేనే వంచినా. అది ఏమీ అనలేదు. ఏమీ అనకపోయేసరికి, ఎందుకు అనలేదో అని రేయంతా అదే ఆలోచన."

ఆ డబ్బాల పని నుంచి తనను తప్పించి చివరి కంచె దగ్గర కాపలాకు వేయమని సునీల్‌కుమార్‌తో చెప్పమన్నాడు. మర్నాడు పోయి చెప్పాను. సునీల్‌కుమార్ మర్యాదగా విన్నాడు. కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు.

"నోడి సార్, అందర్నీ చూశాను. ఆ డబ్బాలు చూడటానికి నేను నమ్మే మనిషి ఆయన ఒక్కడే," అన్నాడు.

ఆ మాటే తెచ్చి బోరయ్యకు చెప్పాను. మెచ్చుకోలుగా వినిపించేట్టు చెప్పడానికి నా వల్ల అయినంత చూశాను. అతను విని తలూపాడు. నీళ్ల సంగతి బయటికి రాకుండా హొన్నమ్మ పని నిలవాలంటే తను గేటు దగ్గర ఉండక తప్పదని అతనికి నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజు కూడా పెంకులు తడిపి, ఆకులు కప్పి, గుడ్డపట్టీ బిగించాను. అతను వసారాలో వీపు తిప్పి కూర్చునే ఉన్నాడు.

"మూత గట్టిగా పడిందా అన్నా?"

పడిందని చెప్పాను.

"ఇంకోసారి చూడు," అన్నాడు.

చూశాను. గట్టిగానే ఉంది. ఆ మాట చెప్పినా అతను లేవలేదు. కాసేపాగి, నా ముఖం వైపు చూడకుండా, తనే లోపలికి వచ్చి ముక్కు మూసుకుని మూత నాలుగు వైపులా నొక్కి చూసుకుని వెళ్లిపోయాడు.